చదవని డిస్కులన్నీ పాడైనవి కావు

ఇళ్లలో, స్టూడియోల్లో, చిన్న పత్రికల బీరువాల్లో పడివున్న సీడీలూ డీవీడీల మీద చాలామంది ఇచ్చే తీర్పు ఒక్కటే: ‘పోయింది, తీసుకోవడం లేదు.’ ఆ తీర్పు చాలాసార్లు తప్పు. డిస్కు మీద రాసిన సమాచారం నిక్షేపంగా ఉంటుంది. దాన్ని రాసిన పద్ధతి, చదవబోయిన ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలిసిన పద్ధతి వేర్వేరు కావడం వల్లే తెర మీద ఖాళీ ఫోల్డరు కనిపిస్తుంది. సీడీ మార్కెట్లోకి వచ్చి నలభై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో పోగుపడిన పొసగనితనాలన్నిటినీ ఒకచోట పెట్టి చూస్తే, దాదాపు ప్రతిదానికీ ఒక నిర్దిష్టమైన కారణం, చాలావాటికి ఒక దారి కూడా కనిపిస్తాయి.

డిస్కు చదవడమంటే నాలుగు అంచెల పని. మొదట లేజరుకు గుర్తులు కనిపించాలి. తర్వాత, ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో, అంటే ట్రాకులూ సెషన్లూ సెక్టార్ల లెక్క, డ్రైవుకు అందాలి. మూడోది ఆపరేటింగ్ సిస్టమ్ పని: ఆ సెక్టార్లలో ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే ఫైల్ సిస్టమ్ దానికి తెలిసుండాలి. చివరగా ఆ ఫైలును తెరిచే ప్రోగ్రామో, ఫాంటో, కోడెక్కో ఉండాలి. ఈ నాలుగింటిలో ఏది తెగినా మనకొచ్చే సందేశం మాత్రం ఇంచుమించు ఒకటే: పరికరం సిద్ధంగా లేదనో, డిస్కు ఖాళీగా ఉందనో. ఏ అంచెలో తెగిందో ఆ సందేశం చెప్పదు. అందుకే ఇన్ని మంచి డిస్కులు చెత్తబుట్టలో పడ్డాయి.

మూడో అంచెతో మొదలుపెడతాను. పాత సిస్టమ్‌ల గొడవలో ఎక్కువ భాగం అక్కడే ఉంది.

ఫిలిప్స్, సోనీ కలిసి తయారుచేసిన ఆడియో సీడీ 1982లో అమ్మకానికి వచ్చింది. దాని మీద ఫైళ్లు లేవు, పాటల ట్రాకులు మాత్రమే. అదే డిస్కు మీద కంప్యూటరు సమాచారం పెట్టడానికి ఆ తర్వాత ఎల్లో బుక్ అనే ప్రమాణం తెచ్చారు. 2352 బైట్ల సెక్టారులో 2048 బైట్లు వాడకానికి ఇచ్చి, మిగతా చోటులో 276 బైట్లను తప్పులు దిద్దుకోవడానికి కేటాయించారు. పాటలో ఒక చుక్క చెదిరితే చెవి పట్టించుకోదు, ప్రోగ్రాములో ఒక బైటు చెదిరితే అది నడవదు కనుక ఈ అదనపు కాపలా అవసరమైంది. అయితే సెక్టార్లలో ఫైళ్లను ఎలా అమర్చాలో ఎల్లో బుక్ చెప్పలేదు. ఎవరి పద్ధతి వాళ్లదైంది. ఒక కంపెనీ డిస్కు ఇంకో కంపెనీ యంత్రంలో పనిచేయని స్థితి వచ్చింది.

దాన్ని సరిదిద్దడానికి 1985 నవంబరులో కంపెనీల ప్రతినిధులు అమెరికాలో లేక్ టాహో దగ్గర హై సియెర్రా అనే హోటల్లో కూర్చున్నారు. అక్కడ రూపుదిద్దుకున్న పద్ధతికి ఆ హోటలు పేరే మిగిలింది. కొద్ది మార్పులతో అది 1986లో యూరప్ ప్రమాణమై, 1988లో ఐఎస్ఓ 9660 అయింది. ఆ కొద్ది మార్పులే తొలి పొసగనితనం. రెండు పద్ధతుల్లోనూ 16వ సెక్టారులో డిస్కు తన పరిచయం చెప్పుకుంటుంది. హై సియెర్రా డిస్కు అక్కడ ‘సీడీరామ్’ అని రాసుకుంటుంది, ఐఎస్ఓ డిస్కు ‘సీడీ001’ అని. వివరాలున్న చోట్లు కూడా కొన్ని బైట్లు అటూ ఇటూ జరిగాయి. హై సియెర్రా ఒక్కటే తెలిసిన తొలి సాఫ్ట్‌వేరుకు ఐఎస్ఓ డిస్కు అంతుబట్టలేదు. లైనక్స్ మాత్రం హై సియెర్రా డిస్కులను గుర్తుపట్టే కోడును తనలో పెట్టుకుంది. పాతదాన్ని చదవగలిగే కొన్ని పంక్తులను దాచుకోవడానికి పెద్ద ఖర్చేమీ కాదని అది రుజువు చేస్తోంది.

ఐఎస్ఓ 9660 మొదటి స్థాయి నియమాలు ఈ రోజు చూస్తే ఇరుకుగా అనిపిస్తాయి. ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మూడు. పెద్ద ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అడుగు గీత, అంతే. ఫోల్డరులో ఫోల్డరుగా ఎనిమిది మెట్లకు మించి దిగకూడదు. అప్పట్లో అందరూ ఈ ఇరుకుతనాన్ని తిట్టుకున్నారు. నా దృష్టిలో మాత్రం ఈ మొత్తం కథలో అత్యంత దూరదృష్టితో చేసిన పని అదే. అప్పటి యంత్రాల్లో అతి బలహీనమైనది ఏది మోయగలదో అంతే అడిగారు. సంఖ్యలను ఇంటెల్ వరుసలో ఒకసారి, మోటరోలా వరుసలో ఒకసారి, రెండు విధాలా రాశారు. ఏ యంత్రమూ వెనకబడకూడదని చోటును ధారాళంగా ఖర్చుపెట్టారు. మొదటి స్థాయి నియమాలకు కట్టుబడి అచ్చువేసిన డిస్కు ఈనాటి విండోస్ 11లోనూ తెరుచుకుంటుంది. తర్వాత వచ్చిన ఏ పద్ధతి గురించీ ఇంత ధైర్యంగా చెప్పలేం.

డాస్‌కు సీడీ అంటే ఏమిటో పుట్టుకతో తెలియదు. అప్పటి డాస్ 32 మెగాబైట్లకు మించిన డిస్కు భాగాన్ని సంభాళించలేకపోయేది. సీడీలోనేమో ఆరువందల మెగాబైట్ల పైచిలుకు. మైక్రోసాఫ్ట్ దీనికి ఒక తెలివైన పక్కదారి వెతికింది: సీడీని నెట్‌వర్కులో ఎక్కడో ఉన్న డ్రైవుగా డాస్‌కు చూపించే ఎంఎస్‌సీడీఎక్స్ అనే చిన్న ప్రోగ్రాము. చెక్‌డిస్క్ ఆదేశాన్ని సీడీ మీద నడిపితే ‘నెట్‌వర్క్ డ్రైవును తనిఖీ చేయలేను’ అని జవాబు రావడానికి కారణం ఇదే. డాస్ వెర్షన్ మారినప్పుడు ఈ ప్రోగ్రాము మొరాయించేది. సెట్‌వర్ అనే ఇంకో ప్రోగ్రాముతో దానికి పాత వెర్షన్ నంబరు చెప్పి ఒప్పించాల్సి వచ్చేది.

ఆ కాలపు సిస్టమ్‌ను ఇప్పుడు బతికించాలనుకునేవాళ్లు ఎక్కువగా తడబడేది రెండు వాక్యాల దగ్గర. కాన్ఫిగ్.సిస్‌లో డ్రైవరు వాక్యం ఒకటి, ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో ఎంఎస్‌సీడీఎక్స్ వాక్యం ఒకటి. డ్రైవుకు మొదటిదానిలో పెట్టిన పేరూ రెండోదానిలో పిలిచిన పేరూ అక్షరం తేడా లేకుండా కలవాలి. ఆ సీడీకి ఇచ్చే డ్రైవు అక్షరం, లాస్ట్‌డ్రైవ్ ఆదేశం అనుమతించిన హద్దులో ఉండాలి. ఈ రెండూ సరిపోయినా మెమరీ సమస్య ఉంటుంది. డాస్ ప్రోగ్రాములకు దక్కేది 640 కిలోబైట్లే, అందులోంచి డ్రైవరూ ఎంఎస్‌సీడీఎక్సూ తమ వాటా తీసుకుంటే కొన్ని ఆటలు నడవవు. ఫ్రీడాస్ వాళ్లు వాడే ఎస్‌హెచ్‌ఎస్‌యూసీడీఎక్స్ అదే పనిని తక్కువ చోటులో చేస్తుంది. పాత యంత్రం నడుపుకునేవారికి నా సలహా దానివైపే.

డ్రైవరు గొడవ వేరే ఉంది. 1990ల తొలి నాళ్లలో మిట్సుమి, పానాసోనిక్, సోనీ డ్రైవులకు ఎవరి కేబుల్ వాళ్లది. సౌండ్ కార్డు మీదున్న ప్రత్యేక పిన్నులకు తగిలించాల్సి వచ్చేది, డ్రైవరు కూడా ఆ డ్రైవుదే కావాలి. హార్డ్ డిస్కు తగిలించే ఐడీఈ కేబుల్‌కే సీడీ డ్రైవునూ తగిలించే అటాపీ పద్ధతి వచ్చాక ఓక్‌సీడీరామ్.సిస్ లాంటి ఒకే డ్రైవరుతో ఎన్నో డ్రైవులు పనిచేశాయి. అదే డ్రైవరు సాటా డ్రైవున్న యంత్రంలో ఏమీ కనిపించడం లేదంటే, బయోస్‌లో సాటా అమరికను ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మార్చి చూడాలి. ఆ సౌకర్యమున్న బోర్డుల్లో చాలావరకు దారి దొరుకుతుంది.

విండోస్ 95 వచ్చాక చదివే పని సిస్టమ్ లోపలికి చేరింది. కానీ ఇన్‌స్టాల్ చేయడంలో ఒక చిక్కుముడి మిగిలింది. సీడీలో ఉన్న విండోస్‌ను ఎక్కించాలంటే ముందు సీడీ కనిపించాలి, సీడీ కనిపించాలంటే డాస్ డ్రైవరు కావాలి, విండోస్ 95 తయారుచేసి ఇచ్చే స్టార్టప్ ఫ్లాపీలో ఆ డ్రైవరు లేదు. విండోస్ 98 ఫ్లాపీలో సాధారణ సీడీ డ్రైవర్లను చేర్చారు. కంప్యూటరు రిపేరు చేసేవాళ్ల దగ్గర విండోస్ 98 బూట్ ఫ్లాపీ అన్ని పనులకూ వాడే సాధనంగా ఎందుకు నిలిచిందో దీన్నిబట్టి తెలుస్తుంది. సీడీ నుంచే నేరుగా బూట్ అయ్యే ఎల్ టొరిటో పద్ధతిని ఫీనిక్స్, ఐబీఎం 1995లో ప్రకటించాయి. పాత బయోస్‌లకు అది తెలియదు. తెలిసినవాటిలో కొన్నిటికి సీడీలో దాచిన ఫ్లాపీ ప్రతిరూపం నుంచి మాత్రమే బూట్ కావడం వచ్చు. అందువల్ల ఒక సీడీతో బూట్ అయిన యంత్రం ఇంకో సీడీని పట్టించుకోదు.

పేర్ల సంగతి చూద్దాం. ఎనిమిది అక్షరాలు చాలవని మైక్రోసాఫ్ట్ విండోస్ 95 కాలంలో జోలియెట్ తెచ్చింది. ఐఎస్ఓ 9660 పట్టికను అలాగే ఉంచి, పక్కన రెండో పట్టిక పెట్టి, అందులో యూనికోడ్‌లో 64 అక్షరాల దాకా పేర్లు రాసుకోనిచ్చింది. యూనిక్స్ వాళ్లు రాక్ రిడ్జ్ అనే సొంత చేర్పు చేసుకున్నారు. ఆపిల్ యంత్రాలకు హెచ్‌ఎఫ్‌ఎస్ అనే పూర్తిగా వేరే ఫైల్ సిస్టమ్ ఉంది. ఒకే డిస్కు మీద వీటిలో రెండు మూడు కలిపి పెట్టవచ్చు. అప్పుడు ఒకే డిస్కు డాస్‌లో తెగిన పేర్లతోనూ, విండోస్‌లో నిండు పేర్లతోనూ, మాక్‌లో ఏకంగా వేరే ఫైళ్లతోనూ కనిపిస్తుంది. రాక్ రిడ్జ్ తెలియని, లేదా దాన్ని విడిగా ఆన్ చేయాల్సిన యూనిక్స్‌లలో ప్రతి ఫైలు పేరు చివరా ‘;1’ అని ఐఎస్ఓ వెర్షన్ నంబరు బయటపడుతుంది. హెచ్‌పీ యూఎక్స్‌లో ఇది బాగా తెలిసిన చికాకు. లైనక్స్ ఆ తోకను తీసేసి, పెద్ద అక్షరాలను చిన్నవిగా మార్చి చూపిస్తుంది. అది మేలు చేయబోయి కొన్నిసార్లు కీడు చేస్తుంది. వెబ్‌పేజీల రూపంలో చేసిన సీడీల్లో లింకులు పెద్ద అక్షరాల్లో ఉంటే, ఫైళ్లన్నీ కళ్లెదుటే ఉన్నా లింకు తెరుచుకోదు.

తెలుగులో పేర్లు పెట్టుకున్న ఫైళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది కనుక జోలియెట్ వాటిని మోయగలదు. కానీ లెక్క మనం చూసే అక్షరాల్లో ఉండదు. ‘శ్రీకృష్ణ’ మన కంటికి మూడక్షరాలు, జోలియెట్‌కు తొమ్మిది. పొడుగాటి శీర్షికను ఫైలు పేరుగా పెడితే 64 హద్దు ఇట్టే దాటుతుంది, చివరి మాట తెగుతుంది. ఇక విండోస్ 98కు తెలుగు లిపే తెలియదు. ఆ పేర్ల స్థానంలో అడుగు గీతలో ప్రశ్నార్థకాలో కనిపిస్తాయి. పేరును సరిగా పలకలేని సిస్టమ్ ఆ ఫైలును తెరవలేదు కూడా. గౌతమి ఫాంటుతో తెలుగు విండోస్‌లోకి వచ్చింది ఎక్స్‌పీ దగ్గర. దానికి ముందు సిస్టమ్‌లలో చదవాల్సిన డిస్కుకు ఫైళ్ల పేర్లు ఇంగ్లిష్‌లో, పొట్టిగా పెట్టడం ఒక్కటే మార్గం.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. ఐఎస్ఓ 9660 ఒకసారి రాసి మూసేసే డిస్కుల కోసం పుట్టింది. కొంచెం కొంచెంగా రాసుకునే సీడీఆర్‌లు, చెరిపి రాసుకునే ఆర్‌డబ్ల్యూలు, డీవీడీలు వచ్చాక యూడీఎఫ్ అనే కొత్త ఫైల్ సిస్టమ్ అవసరమైంది. 1990ల నడుమ మొదలై, 1.02, 1.50, 2.00, 2.01, 2.50, 2.60 అంటూ వెర్షన్ల వరుస సాగింది. పేరు ఒకటే కానీ ఒక వెర్షన్ తెలిసిన సిస్టమ్‌కు తర్వాతది తెలియదు. విండోస్ 95కు, ఎన్‌టీ 4.0కు యూడీఎఫ్ అసలు రాదు. విండోస్ 98 సినిమా డీవీడీలు వాడే 1.02 దాకా చదువుతుంది. విండోస్ 2000 1.50 దాకా, ఎక్స్‌పీ 2.01 దాకా. 2.50, 2.60 చదవడం విస్టాతో మొదలైంది. లైనక్స్‌కు 2.50 చదవడం 2008లో వచ్చిన 2.6.26 కెర్నెల్‌తో అబ్బింది. బ్లూరే డిస్కులు వాడేది 2.50. ఎక్స్‌పీ కంప్యూటరుకు కొత్త బ్లూరే డ్రైవు తగిలించినవాళ్లకు, డ్రైవు చక్కగా గుర్తింపు పొంది డిస్కు మాత్రం తెరుచుకోకపోవడం ఇందువల్లే. లోపం డ్రైవుది కాదు, డిస్కుదీ కాదు. బయటి సంస్థల యూడీఎఫ్ డ్రైవరు వేస్తే తెరుచుకుంటుంది.

డీవీడీలు తొలి రోజుల్లో అంతగా ఏడిపించలేదు. ఒకే ఫైళ్లకు ఐఎస్ఓ పట్టిక, యూడీఎఫ్ పట్టిక రెండూ పెట్టే వంతెన పద్ధతిని సినిమా డీవీడీలకు నియమం చేశారు. యూడీఎఫ్ తెలియని సిస్టమ్ పాత పట్టిక చూసుకునేది. సినిమాను ఒకే పెద్ద ఫైలుగా కాక ఒక్కో గిగాబైటుకు మించని వీఓబీ ముక్కలుగా చేయడంలోనూ పాత సిస్టమ్‌ల ఫైలు పరిమాణపు హద్దులను దృష్టిలో పెట్టుకున్నారు. ఇది మెచ్చుకోవాల్సిన జాగ్రత్త.

ఆ జాగ్రత్త ఇళ్లలో రాసుకునే డిస్కుల దగ్గర తప్పింది. 1990ల చివర్లో అడాప్టెక్ డైరెక్ట్‌సీడీ, తర్వాత నీరోతో వచ్చిన ఇన్‌సీడీ లాంటి ప్రోగ్రాములు, ఫ్లాపీ మీదకు లాగి వదిలినట్టే సీడీ మీదకు ఫైళ్లు వదలనిచ్చాయి. లోపల జరిగేది యూడీఎఫ్ 1.50 రాత. అలా రాసిన సీడీఆర్‌లో ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక చిట్టచివర రాసిన చోట ఉంటుంది. డిస్కును మూయకుండా తీసేస్తే, లేదా రాస్తూండగా కరెంటు పోతే ఆ పట్టిక దొరకదు. పుస్తకంలో పేజీలన్నీ ఉండి విషయసూచిక చిరిగిపోయిన పరిస్థితి అది. వేరే కంప్యూటరు ఆ డిస్కును ఖాళీ అంటుంది.

2007లో మార్కెట్లోకి వచ్చిన విస్టా ఈ పద్ధతిని సిస్టమ్‌లోనే పెట్టి ‘లైవ్ ఫైల్ సిస్టమ్’ అని పేరిచ్చింది. అంతటితో ఆగక, ఖాళీ డిస్కు పెట్టగానే వచ్చే పెట్టెలో దాన్నే ముందుగా ఎంచి ఉంచింది. విండోస్ 7లో అదే ఎంపికకు యూఎస్‌బీ డ్రైవులా వాడుకోండి అన్న అర్థం వచ్చే మాట రాశారు. రెండో ఎంపిక, అంటే సీడీ, డీవీడీ ప్లేయర్లలో పనిచేసే మాస్టర్డ్ పద్ధతి, కిందికి వెళ్లింది. చదవకుండా సరే నొక్కిన ప్రతివారి డిస్కూ యూడీఎఫ్ 2.01 అయింది. దాన్ని ఎక్స్‌పీ చదువుతుంది. విండోస్ 98, 2000 చదవవు. టీవీ కింద పెట్టుకున్న ప్లేయరు చాలావరకు డిస్కే లేదంటుంది. మూయడం మరిచిపోతే ఎక్స్‌పీలో కూడా అనుమానమే. ఈ సమీక్షలో అన్నిటికంటే పెద్ద తప్పు ఏదని అడిగితే ఇదే చెబుతాను. ఇతరులకు ఇవ్వడానికి రాసే డిస్కులే ఎక్కువ ఉన్న రోజుల్లో, ఇతరుల యంత్రంలో పనిచేయని పద్ధతిని ముందు నిలబెట్టారు. ఆ ఒక్క వరుస తిరగేసి ఉంటే ఎన్నో పెళ్లి ఫోటోల డిస్కులు ఈ రోజుకూ సులువుగా తెరుచుకునేవి.

సెషన్ల విషయంలో జరిగే నష్టం కంటికి కనిపించదు కనుక దాన్ని కాస్త వివరంగా చెప్పాలి. ఒక డిస్కు మీద ఇవాళ కొన్ని, వచ్చే నెల కొన్ని రాయడానికి 1990లో వచ్చిన ఆరెంజ్ బుక్ దారి వేసింది. 1992లో కొడాక్ ఫోటో సీడీ దాన్ని జనంలోకి తెచ్చింది. ఒక్కో విడత ఒక సెషన్. మొదటి సెషన్ మూయడానికి దాదాపు 22 మెగాబైట్లు, తర్వాతి ఒక్కోదానికి 13 మెగాబైట్ల పైన ఖర్చవుతుంది. అంతకుముందటి డ్రైవులకు మొదటి సెషన్ ఒక్కటే తెలుసు. కొత్త సిస్టమ్‌లు చివరి సెషన్‌లోని పట్టికను చూస్తాయి. రెండో విడత రాసేటప్పుడు పాత సెషన్‌ను దిగుమతి చేసుకోకపోతే కొత్త పట్టికలో పాత ఫైళ్ల ఊసే ఉండదు. అప్పుడు ఒకే డిస్కు పాత కంప్యూటరులో మొదటి నెల ఫోటోలు మాత్రమే, కొత్తదానిలో చివరి నెలవి మాత్రమే చూపుతుంది. మధ్యలోవి ఎక్కడా కనిపించవు. అవి చెరిగిపోలేదు. లైనక్స్‌లో డిస్కును తగిలించేటప్పుడు సెషన్ నంబరు చెప్పవచ్చు. విండోస్‌లో ఐసోబస్టర్ లాంటి ప్రోగ్రాము సెషన్లన్నిటినీ విడివిడిగా చూపుతుంది. ఫోటోలు మాయమయ్యాయని అనుకునే డిస్కుకు ముందుగా చేయాల్సిన పరీక్ష ఇది.

లేజరు అంచెను క్లుప్తంగా ముగిస్తాను. అచ్చువేసిన సీడీ మీద పడిన వెలుగులో చాలా భాగం తిరిగొస్తుంది. చెరిపి రాసే సీడీఆర్‌డబ్ల్యూ నుంచి 15 నుంచి 25 శాతమే. 1997లో మల్టీరీడ్ అనే ప్రమాణం వచ్చేదాకా తయారైన డ్రైవుల్లో ఎక్కువ వాటికి అంత మసక వెలుగు చాలదు. సీడీకి 780 నానోమీటర్ల లేజరు, డీవీడీకి 650. సీడీఆర్ మీది రంగు పూత మొదటిదానికే సరిపడేలా తయారైంది కనుక, రెండో లేజరు లేని తొలి డీవీడీ ప్లేయర్లకు సీడీఆర్‌లు కనిపించలేదు. ఈ లోపాలకు ఆపరేటింగ్ సిస్టమ్ బాధ్యత లేదు. డ్రైవు మార్చడమే మందు.

డ్రైవు బాగుండి, డిస్కు బాగుండి, సిస్టమే మొండికేసే సందర్భాలు రెండు చెప్పాలి. గీతలు పడిన డిస్కుతో తంటాలు పడుతూ ఆరుసార్లకు మించి టైమవుట్ అయితే, విండోస్ ఎక్స్‌పీ ఆ కేబుల్ వేగాన్ని డీఎంఏ నుంచి పాత పీఐఓ పద్ధతికి దించేస్తుంది. ఆ డిస్కు తీసేసినా వేగం తిరిగి రాదు. మంచి డీవీడీలు కూడా ముక్కలుముక్కలుగా ఆడతాయి. డివైస్ మేనేజర్లో ఆ ఐడీఈ ఛానల్‌ను తీసేసి, మళ్లీ బూట్ చేస్తే సరిపోతుంది. రెండోది, డిస్కులు రాసే ప్రోగ్రాములు తీసేసినప్పుడు రిజిస్ట్రీలో మిగిలిపోయే అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే నమోదులు. వాటివల్ల డ్రైవు మొత్తానికే మాయమవుతుంది, డివైస్ మేనేజర్లో కోడ్ 39 లాంటిది కనిపిస్తుంది. ఆ నమోదులు తీసేస్తే డ్రైవు తిరిగొస్తుంది. ఈ సంగతి తెలియక ఎంతోమంది కొత్త డ్రైవులు కొన్నారు.

మన ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువ మిగిలింది వీసీడీ కనుక దాని గురించి నిదానంగా మాట్లాడుకోవాలి. డీవీడీ చవక కాకముందు తెలుగు సినిమా ఇంటికి వచ్చింది రెండు మూడు వీసీడీల పెట్టెలో. పెళ్లి వీడియోలు, నాటకాలు, హరికథలు, బడి వార్షికోత్సవాలు ఎన్నో ఇదే రూపంలో ఉన్నాయి. 1993 నాటి వైట్ బుక్ ప్రమాణం ప్రకారం వీసీడీలో వీడియోను మోడ్ 2, ఫారం 2 అనే సెక్టార్లలో రాస్తారు. వాటిలో ఆ 276 బైట్ల దిద్దుబాటు సమాచారం ఉండదు. దాన్ని వదులుకుని ఒక్కో సెక్టారులో 2324 బైట్లు వీడియోకు వాడుకున్నారు. బొమ్మలో చిన్న మచ్చ పడినా ఆట ఆగదన్నది వాళ్ల లెక్క. ప్లేయరు విషయంలో ఆ లెక్క నిజమే, మచ్చ దాటి ముందుకు పోతుంది. కంప్యూటరులో ఫైలు కాపీ చేసేటప్పుడు మాత్రం ఒక్క సెక్టారు చదవలేకపోయినా విండోస్ ‘సైక్లిక్ రిడండెన్సీ చెక్’ అని చెప్పి కాపీ మొత్తం ఆపేస్తుంది. ప్లేయరులో ఆడే డిస్కు కంప్యూటరులో కాపీ కాకపోవడానికి కారణం ఇంతే.

ఇంకో వింత ఉంది. వీసీడీ తెరిస్తే ఎంపెగ్‌ఏవీ ఫోల్డరులో ఏవీసెక్01.డాట్ అనే ఫైలు కనిపిస్తుంది. నిజానికి ఆ వీడియో ఉన్నది ఐఎస్ఓ ఫైల్ సిస్టమ్‌కు బయట, వేరే ట్రాకులో. విండోస్ 95 నుంచి వచ్చిన విండోస్‌లు ఆ సెక్టార్లను పూర్తిగా 2352 బైట్ల చొప్పున తీసి, ముందు ఒక తలకట్టు చేర్చి మామూలు ఫైలులా ఇస్తాయి. అందుకే పేరు మార్చి చూసుకోగలిగాం. లైనక్స్ అదే ఫైలును చూపిస్తుంది, కాపీ చేయబోతే ఇన్‌పుట్ అవుట్‌పుట్ తప్పు అంటుంది. లైనక్స్‌లో పనిచేయలేదని డిస్కు పారేయవద్దు. వీసీడీ ఇమేజర్‌తో పాటు వచ్చే వీసీడీఎక్స్‌రిప్ ఆ ట్రాకును నేరుగా తీస్తుంది. ఆడియో సీడీది కూడా ఇలాంటి కథే. విండోస్‌లో కనిపించే ట్రాక్01.సీడీఏ అసలు పాట కాదు, 44 బైట్ల సూచిక మాత్రమే. దాన్ని హార్డ్ డిస్కులోకి లాగి, పాటలు భద్రం చేశామనుకున్నవాళ్ల దగ్గర ఇప్పుడు మిగిలింది ఆ సూచికలే.

ఇంతవరకూ కొత్త డిస్కు, పాత సిస్టమ్. ఈ రోజున దానికంటే పెద్ద సమస్య తిరగబడినది: పాత డిస్కు, కొత్త సిస్టమ్. 1990ల మాక్ సీడీలు వాడిన హెచ్‌ఎఫ్‌ఎస్‌ను ఆపిల్ 2019లో కాటలీనాతో వదిలేసింది. సొంత సంస్థ చదవనన్న ఆ డిస్కులను లైనక్స్ చదువుతుంది. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు నడవవు. విండోస్ 3.1 కాలపు విజ్ఞాన సర్వస్వాల సీడీల్లో ఫైళ్లన్నీ కనిపించినా సెటప్ మొదలే కాదు. కాపీ చేయనివ్వని సేఫ్‌డిస్క్ కాపలాతో వచ్చిన ఆటలకు అవసరమైన డ్రైవరు విండోస్ 10లో లేదు. ముందటి వెర్షన్లలో కూడా మైక్రోసాఫ్ట్ 2015లో దాన్ని భద్రతా కారణాలతో ఆపివేసింది. ఆ నిర్ణయం సరైనదే. అలాంటి కాపలాలు ఎంత ప్రమాదకరమో సోనీ బీఎంజీ ఆడియో సీడీలు చూపించాయి: వాటిలోని ఎక్స్‌సీపీ అనే కాపలా ప్రోగ్రాము కొన్నవాళ్ల కంప్యూటర్లలో తనను తాను దాచుకుంటోందని 2005 అక్టోబరు చివర్లో సాఫ్ట్‌వేరు నిపుణుడు మార్క్ రుసినోవిచ్ బయటపెట్టారు. అయినా డబ్బిచ్చి కొన్న ఆట నడవని మనిషికి దారి చూపాల్సిన బాధ్యత అమ్మినవారిదేనని నా అభిప్రాయం.

మన భాషకు, ఫైలును తెరిచే ఆ నాలుగో అంచెలో ప్రత్యేకమైన నష్టం జరుగుతోంది. యూనికోడ్‌కు ముందు తెలుగు పుస్తకాలు, పత్రికలు అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో కూర్చినవే చాలా ఎక్కువ. ఆ ఫైళ్ల సీడీ నేడు తెరుచుకుంటుంది, ఫైలు కూడా కనిపిస్తుంది, కానీ ఆ ఫాంటూ ఆ ప్రోగ్రామూ లేకపోతే తెర మీద అర్థం లేని ఇంగ్లిష్ గుర్తులు వస్తాయి. సీడీ పాడైందని దాన్ని పారేసినవారు ఒక పుస్తకపు మూలప్రతిని పారేశారు. ఫాంటు దొరికితే, యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి కనుక, ఆ పుస్తకాన్ని మళ్లీ టైపు చేయించాల్సిన పని తప్పుతుంది.

ఆచరణకు వస్తే, పాత సిస్టమ్ కోసం డిస్కు రాసేవారు ఐఎస్ఓ 9660తో పాటు జోలియెట్ ఎంచుకోవాలి, యూడీఎఫ్ వద్దు. ఆర్‌డబ్ల్యూ వద్దు, 700 మెగాబైట్ల మామూలు సీడీఆర్ చాలు. ఒకే విడతలో రాసి, డిస్కును పూర్తిగా మూయాలి. డాస్‌లో చదవాల్సినవైతే పేర్లు ఎనిమిది అక్షరాలకు మించకూడదు.

పాత డిస్కును కాపాడేవారికి ఇమేజ్ తీయడమే, అంటే డిస్కు మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఫైలుగా దించుకోవడమే, సరైన పద్ధతి. ఫైళ్లను లాగి కాపీ చేయడం దాని స్థానంలో సరిపోదు. సమాచారపు డిస్కుకు ఐఎస్ఓ ఇమేజ్ చాలు. గీతలున్నదాని మీద డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాము పదేపదే ప్రయత్నించి, చదవగలిగింది దాచుకుంటూ పోతుంది. ఒక డ్రైవు చదవని సెక్టార్లను ఇంకో డ్రైవుతో పూరించనిస్తుంది కూడా. వీసీడీలు, ఆడియో సీడీలు, పాటలు కలిసిన ఆటల డిస్కులు ఐఎస్ఓలో ఇమడవు. వాటికి 2352 బైట్ల సెక్టార్లను పూర్తిగా దాచే బిన్, క్యూ ఫైళ్ల జంట కావాలి. ఇది తెలియక ఐఎస్ఓగా దాచిన వీసీడీల్లో ఫోల్డర్లు మిగిలి సినిమా పోయింది. ఇమేజ్ చేతిలో ఉంటే పాత యంత్రం లేకున్నా ఫరవాలేదు. పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాములు, డాస్ ఆటలకు డాస్‌బాక్స్, విండోస్ 95, 98లకు 86బాక్స్, ఆ ఇమేజ్‌ను సీడీలాగే తగిలించుకుంటాయి.

కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు డ్రైవు కనిపించడం అరుదైంది. రాసుకునే బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరితో ఆపింది. యూఎస్‌బీ డ్రైవులు ఇంకా దొరుకుతున్నాయి. ఇంట్లోనో, స్టూడియోలోనో, గ్రంథాలయంలోనో పాత డిస్కులున్నవారు ఒక డ్రైవు కొని ఈ ఏడాదే పని మొదలుపెట్టండి. ఇంట్లో, దుకాణంలో రాయించిన సీడీఆర్‌లు, డీవీడీలు మొదట తీయండి, ఎందుకంటే వాటి రంగు పూతే ముందు చెడుతుంది. తర్వాత వీసీడీలు. ఫ్యాక్టరీలో అచ్చయిన డిస్కులను చివరికి ఉంచుకోవచ్చు. ‘ఖాళీ’ అని చూపించిన ఏ డిస్కునూ ఐసోబస్టర్‌తోనో లైనక్స్‌తోనో ఒకసారి చూడకుండా పారేయకండి.